రొయ్యల చెరువులో ఎమ్మెల్యే

మా మండలంలో కొత్తగా ఎంపీటీసీగా గెలిచిన శ్రావణి అనే అమ్మాయి మొన్న మా ఇంటికి వచ్చింది. వచ్చేసారి అసెంబ్లీకి టికెట్ అడుగుతానంది. కాళ్లకు దణ్ణం పెట్టి, ఫోనులో రికార్డింగు నొక్కి, "పెదనాన్నగారండి, ఎమ్మెల్యే అంటే రోజూ ఏం చేస్తారండి?" అని అడిగింది.

నేను గొంతు సవరించుకుని నియోజకవర్గ అభివృద్ధి గురించి చాలాసేపు మాట్లాడాను. రోడ్లు, కాలవలు, మంచినీళ్ల ట్యాంకులు, ఏదీ వదల్లేదు. ఆ అమ్మాయి మర్యాదగా అంతా విని, ఆఖర్న ఫోను ఆపేసింది.

"ఇవన్నీ శిలాఫలకాల మీద చదివానండి. నిజంగా ఏం చేసేవారో చెప్పండి" అంది.

లోపల్నుంచి మా ఆవిడ సరోజిని నవ్వు వినిపించింది. నా ఉపన్యాసాలకు ఆవిడ ఎప్పుడూ నవ్వదు. ఎదుటివాళ్లు వాటిని నమ్మనప్పుడు మాత్రం నవ్వుతుంది.

ఆ అమ్మాయికి నోటితో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. నాది డెల్టాలో పల్లెటూళ్ల నియోజకవర్గం. ఒకపక్క గోదావరి పాయ, ఇంకోపక్క సముద్రంలోకి పోయే మురుగు కాలవలు, మధ్యలో వరి, కొబ్బరి, ఈమధ్య రొయ్యలు. నాలుగుసార్లు వరసగా గెలిచాను. అయిదోసారి ఓడిపోయి ఇంట్లో కూర్చున్నాను. మంత్రిని కాలేదు. ఒకసారి అవుతానని పుకారు పుట్టింది. పుట్టించింది నేనే.

కుర్చీలు వేసేవాడు

రాజకీయాల్లోకి రాకముందు నాకు మండల కేంద్రంలో షామియానా సప్లయర్స్ ఉండేది. కుర్చీలు, టెంట్లు, వంట గిన్నెలు, ట్యూబులైట్లు. పెళ్లయినా, సమర్తయినా, పార్టీ మీటింగయినా సామాను నా దగ్గర్నుంచే వెళ్లేది. మా పార్టీలో అప్పట్లో రెండు వర్గాలుండేవి. ఒకరి ముఖం ఒకరు చూసేవారు కాదు కానీ ఇద్దరూ నా కుర్చీల్లోనే కూర్చునేవారు.

జిల్లా అంతటికీ మా పార్టీకి పెద్ద దిక్కు ఒకాయన ఉండేవారు. ఆయన్ని అందరం పెద్దాయన అనేవాళ్లం. ఎన్నికల ముందు ఈ రెండు వర్గాల్నీ కలపడానికి ఆయన మా ఊరు వచ్చారు. నా టెంటు కిందే పంచాయితీ. పొద్దున మొదలైంది, భోజనాల వేళ దాటినా తెగలేదు. పెద్దాయన విసిగిపోయి పైకి చూసి, "ఈ టెంటు ఎవరిదయ్యా?" అన్నారు.

"నాదేనండి" అన్నాను, వెనకాల కుర్చీలు సర్దుతూ.

"నువ్వు ఏ వర్గం?"

"ఇద్దరికీ సామాను నేనే వేస్తానండి."

ఆయన నా వంక కాసేపు చూశారు. ఆ వారంలోనే టికెట్ నాకొచ్చింది. వీడు మన చేతిలో మనిషేలే అనుకుని రెండు వర్గాలూ ఒప్పుకున్నాయి. రాజమండ్రిలో పెద్దాయన ఇంటికి కృతజ్ఞతలు చెప్పడానికి వెళ్తే ఆయన పేపరు మీంచి తల ఎత్తకుండానే, "నిన్ను చూస్తే ఎవరికీ భయం వెయ్యదురా భాస్కరం. ప్రస్తుతానికి నీ అర్హత అదే" అన్నారు.

ఇరవై ఏళ్ల తరవాత కూడా ఇంకో అర్హత సంపాదించాననుకోను. పాత వృత్తి వల్ల మాత్రం ఒక బాధ మిగిలింది. వేదిక మీద మా నాయకులు జనసముద్రం, జనసముద్రం అంటుంటే, వెనక వరసల్లో ఖాళీ కుర్చీలు ఎన్నో నాకు చూడగానే తెలిసిపోయేది.

అసెంబ్లీ గురించి కూడా ఒక మాట. మొదటిసారి మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు మా ఊళ్ల మురుగు కాలవల మీద చాలా తయారై వెళ్లాను. లేచి, "అధ్యక్షా, మా నియోజకవర్గం మొత్తం మురుగు" అన్నానో లేదో బెల్లు మోగింది. కూర్చోమన్నారు. కూర్చున్నాను. శాసనసభ సాక్షిగా మా నియోజకవర్గం ఇప్పటికీ ఆ వాక్యంలోనే ఉంది.

చూద్దాం

పొద్దున్నే వరండా నిండా జనం. ఎమ్మెల్యే ఉద్యోగం అంటే అసలు అదే. పింఛను ఆగినవాళ్లు, బదిలీ కావాల్సినవాళ్లు, కొడుకుని పోలీసులు తీసుకెళ్లినవాళ్లు. సరిహద్దులో కొబ్బరిచెట్టు ఎటు వంగితే కాయలు అటువాళ్లవేనా అని అడగడానికి అన్నదమ్ములిద్దరు ఒకే మోటారు సైకిలు మీద వచ్చేవారు. దారి పొడుగునా తిట్టుకుంటూనే వచ్చేవారట.

మొదట్లో నేను అందరికీ అవుననేవాణ్ణి. ఆర్నెల్లు తిరిగేసరికి నియోజకవర్గంలో నన్ను తిట్టనివాడు లేడు. పెద్దాయన పిలిచి కూర్చోబెట్టారు.

"అవునన్నావంటే అప్పు పడ్డట్టే. కాదన్నావంటే శత్రువు పుట్టినట్టే. చూద్దాం అను."

"అది అబద్ధం అవదాండీ?"

"నిజంగా చూడరా. చూడ్డానికేం పోయింది?"

అప్పట్నుంచి నేను చూద్దామండి అనడం మొదలుపెట్టాను. ఎంత బాగా అలవాటైందంటే, భోజనంలో ఇంకో గరిటె వెయ్యనా అని సరోజిని అడిగినా చూద్దాం అనేవాణ్ణి. జనం వెనకాల నన్ను చూద్దాం బాబు అంటున్నారని చాలా కాలానికి తెలిసింది. పార్టీలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నా అభిప్రాయం దాచకుండా చెబుతాను. ఆ మాట మంచిదే, చాలాసార్లు కాపాడుతుంది. అది వినగానే ఎదుటివాళ్ల ముఖంలో ఏం మారుతుందో చూడ్డం మానేసినప్పుడే చెడుతుంది. నేను మానేశాను.

పెళ్లిళ్లు, చావులు

పెద్దాయన నేర్పిన రెండో పాఠం ఇది: "పెళ్లికి వెళ్లకపోతే మర్చిపోతారు. చావుకి వెళ్లకపోతే మర్చిపోరు."

అందుకని కబురు అందిన ప్రతి ఇంటికీ వెళ్లేవాణ్ణి. ఒకరోజు వరసగా మూడు ఇళ్లు తిరిగి, నాలుగో ఊళ్లో టెంటు కనబడగానే కారు దిగి, ముఖం వేలాడేసి లోపలికి వెళ్లాను. ఎదురొచ్చిన ఇంటాయన రెండు చేతులూ పట్టుకుని, "తాతగారు లేని లోటు ఎవరూ తీర్చలేరండి, మీరే ధైర్యం తెచ్చుకోవాలి" అన్నాను. ఆయన బిత్తరపోయారు. ఆయన వెనక పడక కుర్చీలో ఒక ముసలాయన కూర్చుని జిలేబీ తింటున్నారు.

"నేనింకా ఉన్నానండి బాబూ" అన్నారు.

అది మనవరాలి ఓణీల ఫంక్షను. నేను వెళ్లాల్సిన ఇల్లు ఆ పక్క వీధిలో ఉంది. జీవితమంతా టెంట్లు వేసినవాణ్ణి, ఏ టెంటు దేనికి వేశారో పోల్చుకోలేకపోయాను. ఆ ముసలాయన తరవాత చాలా ఏళ్లు బతికారు. ప్రతి ఎన్నికల్లోనూ పోలింగు బూత్ దగ్గర నన్ను చూసి, "ఇంకా ఉన్నానండి" అని చెప్పి మరీ లోపలికి వెళ్లేవారు. ఓటు ఎవరికి వేసేవారో మాత్రం చెప్పలేదు.

ఇలా నవ్వుకుంటూ చెబుతున్నాను కానీ, నా రాజకీయ జీవితంలో కాస్త గట్టిగా చెప్పుకోదగ్గ సంగతి కూడా ఒక చావు దగ్గరే జరిగింది. ఇక్కణ్ణుంచి కొంచెం నిదానంగా చెబుతాను.

సమాధుల తోట

మా నియోజకవర్గంలో కాలవ గట్టున ఒక పేట ఉంది. అక్కడ ఎక్కువమంది లూథరన్ చర్చికి వెళ్లే కుటుంబాలు. కూలి పనులు చేసుకునేవాళ్లూ, టీచర్లూ, ఆఫీసుల్లో గుమస్తాలూ. వాళ్ల సమాధుల తోట పేటకు దూరంగా, పొలాలకు అవతల మెరక మీద ఉంది. డెల్టాలో మెరక దొరకడమే గొప్ప. రెండడుగులు తవ్వితే నీళ్లొచ్చే నేల ఇది. కాబట్టి తోట మార్చే వీలు లేదు. అక్కడికి వెళ్లాలంటే పొలాల మధ్య బండి దారి ఒకటి ఉండేది. ఎవరి తాతలనాటిదో, అందరూ నడిచేవారు.

ఆ పొలాలు అప్పారావు గారివి. మా పార్టీకి ఆ ప్రాంతంలో ఆయనే మూలస్తంభం. నేను మొదటిసారి పోటీ చేసినప్పుడు తిరగడానికి జీపు ఇచ్చింది ఆయనే. ఆయన ఇంట్లో కాఫీ తాగకుండా నేను ప్రచారం మొదలుపెట్టిన ఎన్నిక లేదు. మాట కటువు, మనిషి చెడ్డవాడు కాదు. వరిలో ఏమీ మిగలడం లేదని ఆయన పొలాలన్నీ తవ్వించి రొయ్యల చెరువులు చేశారు. బండి దారి చెరువులో కలిసిపోయింది. సన్నటి గట్టు మిగిలింది. రొయ్యలు దొంగతనంగా పట్టుకుపోతున్నారని ఆ గట్టుకు ఇనప గేటు పెట్టి తాళం వేశారు.

పేట తరఫున నా దగ్గరికి వచ్చేది కరుణమ్మ టీచరు గారు. ఎలిమెంటరీ స్కూల్లో హెడ్మిస్ట్రెస్సుగా రిటైరయ్యారు. ఆవిడ గొంతు పెంచేవారు కాదు, బతిమాలేవారు కాదు. పాఠం అప్పజెప్పించుకునే తీరులో అడిగేవారు.

"భాస్కరం గారూ, తోట దారి సంగతి ఎంతవరకు వచ్చిందండి?"

"చూద్దామండి."

"కిందటిసారి కూడా చూద్దామన్నారు. ఏం చూశారండి?"

నేను నిజంగానే చూశాను. అప్పారావు గారిని ఒకసారి అడిగాను కూడా. ఆయన కాఫీ కప్పు కింద పెట్టి, "శవం వచ్చినప్పుడు తాళం తీయిస్తాను. రోజూ తెరిచి పెట్టమంటే నా చెరువులు ఎవడు కాస్తాడు? నువ్వు కాస్తావా?" అన్నారు. నేను కాఫీ తాగేసి వచ్చేశాను.

ఆ తరవాత అప్పారావు గారిని కదపకుండా దారి తేవడానికి ఒక ఉపాయం పన్నాను. మురుగు కాలవ గట్టు మీదుగా చుట్టు తిప్పి రోడ్డు వేయిస్తానని శంకుస్థాపన చేశాను. కొబ్బరికాయ కొట్టాను, ఫొటో దిగాను. కాలవ గట్టు మీద రోడ్డు వెయ్యడానికి వీల్లేదని ఇంజనీర్లు ఆ మర్నాడే చెప్పారు. ముందు రోజే ఎందుకు చెప్పలేదని అడిగితే, "మీరు అడగలేదు కదండి" అన్నారు. అడగకుండా శంకుస్థాపన చెయ్యకూడదని అలా నేర్చుకున్నాను. నా పేరున్న ఆ రాయి పక్కన ఇప్పుడు గేదెను కడుతున్నారు.

పడ్డావా, దిగావా

నా నాలుగో టెర్ములో, వానాకాలంలో, కరుణమ్మ గారి భర్త దేవదానం గారు పోయారు. ఆయన ఒక ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరైన నెమ్మదైన మనిషి. కబురు అందగానే దండ పట్టుకుని చర్చికి వెళ్లాను. మామూలుగా నేను చేసేది ఏంటంటే, దండ వెయ్యడం, ఇంటివాళ్ల చేతులు పట్టుకోవడం, ఒక నిమిషం నిలబడటం, ఇంకో ఊళ్లో కార్యక్రమం ఉందని చెప్పి బయల్దేరడం. ఆరోజు నిజంగానే ఇంకో ఊళ్లో కార్యక్రమం ఉంది.

ప్రార్థన అయింది. పెట్టె ఎత్తారు. నేను చేతులు జోడించి, "ఇక సెలవు తీసుకుంటానమ్మా" అన్నాను.

కరుణమ్మ గారు కళ్లు తుడుచుకుని నా వంక చూశారు. "తోట దాకా రండి" అన్నారు.

"అంటే, టీచరు గారూ..."

"ఆయన మీకు నాలుగుసార్లు ఓటేశారండి. తోట దాకా రండి."

ఆ మాట మీద వెళ్లాను. సన్నగా వాన. నా మీద గంజి పెట్టిన తెల్ల బట్టలు. గేటు దగ్గరికి చేరేసరికి తాళం వేసి ఉంది. అప్పారావు గారు పెళ్లికని వేరే ఊరు వెళ్లారు, తాళం చెవి కాపలావాడి దగ్గరుంది, కాపలావాడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. నేను అప్పారావు గారికి ఫోను చేశాను. ఎత్తలేదు. పెళ్లి మేళంలో వినబడి ఉండదు. వెనక ఆడవాళ్లు పాట పాడటం ఆపేశారు. అందరూ గేటు వంక కాకుండా నా వంక చూడ్డం మొదలుపెట్టారు.

పేట కుర్రాళ్లు పెట్టె దించలేదు. గేటు పక్కన, చెరువు అంచున, ఒక మనిషి పట్టేంత జాగా ఉంది. అటునుంచి తిప్పుదామన్నారు. ముందు ఇద్దరు దాటారు. పెట్టె మధ్యలోకి వచ్చేసరికి పక్కన పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాల్సి వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లలో ఖాళీ చేతులతో నిలబడి ఉన్నది ఎమ్మెల్యే ఒక్కడే. ఎవరూ రమ్మనలేదు. కానీ అందరూ చూస్తున్నారని వెళ్లి భుజం పెట్టాను.

రెండడుగులు వేశాను. మూడో అడుగు చెరువులో పడింది.

నడుము దాకా దిగిపోయాను. కింద బురద కాళ్లను మోకాళ్ల దాకా పట్టేసింది. చేతులు మాత్రం పెట్టెను వదల్లేదు. మర్నాడు పేపర్లో వచ్చిన ఫొటోలో, నీళ్లలో నిలబడి పెట్టెను రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నట్టు ఉంటాను. చూసినవాళ్లు చాలామంది కన్నీళ్లు పెట్టుకున్నారట. నిజం చెబుతున్నాను, నేను పెట్టెను మోయలేదు. పట్టుకుని వేలాడాను. దేవదానం గారినీ నన్నూ కలిపి ఆ కుర్రాళ్లే మోశారు.

పెట్టె గట్టుకు చేరింది. నేను చేరలేదు. ఇద్దరు లాగారు. కాళ్లు రాలేదు. ఈలోగా మా ప్రాంతం విలేకరి ఫోను పట్టుకుని గట్టు మీదకి వచ్చాడు. ఎవరి అంత్యక్రియలకైనా ఎమ్మెల్యే వస్తే అతనూ వస్తాడు.

"సార్, బయటికి రారాండీ?" అని అడిగాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "దారి లేకుండా ఎలా వస్తానయ్యా?" అన్నాను.

కాలు పెట్టడానికి గట్టి నేల లేదు అని నా అర్థం. మర్నాడు పేపర్లో పెద్ద అక్షరాలు: "దారి లేకుండా రాను. రొయ్యల చెరువులో ఎమ్మెల్యే జలదీక్ష." వీడియో అప్పటికే అన్ని ఫోన్లలోకీ వెళ్లిపోయింది. అందులో నేను జారడం లేదు. నేను పడిన తరవాతే ఎవరో రికార్డింగు మొదలుపెట్టారు.

పొద్దున ఆరింటికి పెద్దాయన ఫోను. అప్పటికి ఆయనకు మంచం దిగే ఓపిక లేదు, పేపరు మాత్రం చదివేవారు.

"ఒరేయ్ భాస్కరం. పడ్డావా, దిగావా?"

"పడ్డానండి."

అవతల ఏదో చప్పుడు. నవ్వుతున్నారో దగ్గుతున్నారో తెలియలేదు.

"ఎవరికీ చెప్పకు" అని పెట్టేశారు.

దారి ఎలా వచ్చింది

ఇప్పుడు నా పరిస్థితి చూడండి. దీక్ష కాదు, జారిపడ్డాను అని చెబితే పేటవాళ్లకు ముఖం చూపించలేను. దీక్షే అని ఒప్పుకుంటే అప్పారావు గారికి చూపించలేను. అన్నేళ్లలో మొదటిసారి చూద్దాం అనే మాట పనికిరాని చోటికి వచ్చాను. ఫోను ఆఫ్ చేసి రెండ్రోజులు జ్వరం అని పడుకున్నాను. జ్వరం నిజంగానే వచ్చింది. రొయ్యల చెరువు నీళ్లు మంచివి కావు.

అప్పారావు గారు పెళ్లినుంచి తిరిగొచ్చి నేరుగా మా ఇంటికి వచ్చారు. గుమ్మంలోనే నిలబడ్డారు.

"ఇరవై ఏళ్లు నా కాఫీ తాగావు. నాతో ఒక మాట చెప్పి చెయ్యొచ్చు కదయ్యా."

"అప్పారావు గారూ, మీరు లోపలికి రండి, చెప్తాను. నేను దిగలేదండి, జారాను."

ఆయన నన్ను ఎంత అసహ్యంగా చూశారో మాటల్లో పెట్టలేను. "దీక్ష చేశానని ఒప్పుకునుంటే మొగాడివనుకునేవాణ్ణి" అన్నారు. వెళ్లిపోయారు.

అప్పటికి ఆ నిజం నేను చెప్పింది పెద్దాయనకూ, ఆయనకూ. అప్పారావు గారు నమ్మలేదు. రాజకీయాల్లోకి వచ్చేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ఇరవై ఏళ్లు అనుకూలమైనవే మాట్లాడినవాడు ఒకరోజు నిజం చెబితే అది కూడా అనుకూలమైనదిగానే వినబడుతుంది.

ఆ వారం ఆర్డీవో గారు చెరువుల దగ్గరికి వచ్చారు. పేపరు చూసి పైనుంచి అడిగారట. పేట అంతా గట్టు మీద చేరింది. నేను వెళ్లాను, జ్వరం తగ్గి. అప్పారావు గారు గొడవ పడతారని అందరం అనుకున్నాం. ఆయన తాళం తీసి, గేటు ఊడదీయించి, చెరువు అంచున నిలబడి చేత్తో చూపించారు.

"ఇక్కణ్ణుంచి అక్కడిదాకా లారీ పట్టేంత దారి నేను పూడ్పించి ఇస్తాను. నా ఖర్చుతో. ఎవడి దీక్షకో బెదిరి కాదు. దేవదానం గారి పెట్టెని నా గేటు దగ్గర ఆపారని మా అమ్మ రెండ్రోజులుగా అన్నం తినటం లేదు. అందుకు."

నా వంక చూడకుండా, "ఇందులో ఎమ్మెల్యే పేరు ఎక్కడా ఉండటానికి వీల్లేదు" అన్నారు.

పేటవాళ్లు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఏం చెయ్యను.

మాట నిలబెట్టుకున్నారు. ఎండలు రాకముందే మట్టి తోలించి, రాళ్లు పరిపించి, మంచి దారి వేయించారు. నేను ఇన్నేళ్లుగా చేస్తానన్న పనిని ఆయన ఒక్క సీజనులో చేశారు. ఆ తల్లి గారి సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. ఇన్నిసార్లు ఆ ఇంట్లో కాఫీ తాగాను, ఆ కాఫీ కలిపి పంపింది ఆవిడే. లోపలికి వెళ్లి ఒక్కసారి ఆవిడతో చెప్పుంటే ఎప్పుడో అయిపోయేది. మగవాళ్లు కూర్చునే చోటే పనులవుతాయని అనుకున్నాను. శ్రావణి లాంటి పిల్లలు ఆ తప్పు చెయ్యరనుకుంటాను.

ఎన్నికలొచ్చాయి. అప్పారావు గారు ఎదుటి అభ్యర్థితో కలిసి ఊరూరా తిరిగారు. నేను ఆ పేట మీద ఆశ పెట్టుకున్నాను. జలదీక్ష ఫొటోని కరపత్రం మీద వేయించాను కూడా. సిగ్గులేదా అంటే, ఎన్నికల్లో ఆ వస్తువు కాస్త తక్కువగానే ఉంటుంది. కౌంటింగులో ఆ పేట బూత్ ఓట్లు లెక్కపెడితే సగానికి పైగా అటువైపే పడ్డాయి. దారి ఇచ్చినాయన చెప్పిన మనిషికి వేశారు. తప్పేముంది. నేను దారి కావాలని అడిగిన మనిషిని మాత్రమే, అదీ పేపర్లో. ఇచ్చింది ఆయన.

అలా ఓడిపోయాను. దారి రాకపోతే గెలిచేవాణ్ణేమో. రానందుకు విచారించాల్సినవాణ్ణి, వచ్చినందుకు విచారించాలా అని ఆరోజు కౌంటింగు హాలు బయట టీ తాగుతూ ఆలోచించాను. సరోజిని ఫోను చేసి, "వంకాయ కూర చేశాను, ఇంటికొచ్చేయండి" అంది. ఇంకేమీ అడగలేదు.

ఓడిన మర్నాడు

అలవాటు చొప్పున పొద్దున్నే లేచి, స్నానం చేసి, తెల్ల బట్టలు వేసుకుని వరండాలోకి వచ్చి కూర్చున్నాను. ఎవరూ లేరు. వీధిలో వెళ్లేవాళ్లు మా ఇంటివైపు చూడకుండా కొంచెం వేగంగా నడుస్తున్నారు. నాకు కోపం రాలేదు. ఖాళీ టెంటు కింద కూర్చున్నవాణ్ణి చూస్తే ఎవరికైనా ఇబ్బందే.

పేపరు అంతా చదివేశాను. లోపలికి వెళ్దామని లేస్తుంటే గేటు చప్పుడైంది. కరుణమ్మ టీచరు గారు. గొడుగు మడిచి గోడకి ఆనించి, మెట్లెక్కి వచ్చారు.

"రండి టీచరు గారూ, ఏంటండి పని?" అన్నాను. ఆ తరవాత గుర్తొచ్చింది, నేనిప్పుడు ఏ పనీ చెయ్యలేనని. "ఇప్పుడు నా మాట ఎవరు వింటారండి, అయినా చెప్పండి" అన్నాను.

"పనేం లేదండి" అన్నారావిడ. "పనున్నవాళ్లు ఇవాళ రారు కదా అని వచ్చాను."

పని మీద వచ్చినవాళ్లతోనే ఇన్నేళ్లూ మాట్లాడాను. మిగతా మాటలు నాకు రావు. ఏదో ఒకటి అనాలి కదా అని, "ఆరోజు నేను దీక్ష చెయ్యలేదండి, జారిపడ్డాను" అనేశాను.

"తెలుసండి. వెనకాలే ఉన్నాను కదా."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"నన్ను ఎవరూ అడగలేదండి" అన్నారు. తరవాత కొంచెం నవ్వారు. దేవదానం గారు పోయాక ఆవిడ నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. "ఆయనకి వేళాకోళం ఎక్కువ. పైకి కనపడనిచ్చేవారు కాదు. ఉండుంటే ఇంటికొచ్చాక కడుపుబ్బా నవ్వేవారు."

లోపల్నుంచి సరోజిని వచ్చింది. ఆవిడా, టీచరు గారూ పాత స్నేహితుల్లా మాటల్లో పడ్డారు. మోకాళ్ల నొప్పులు, దొడ్లో కరివేపాకు మొక్క, చర్చిలో కొత్తగా వచ్చిన పాస్టరు గారి భార్య. నన్ను ఎవరూ పట్టించుకోలేదు. నేనే లోపలికి వెళ్లి కాఫీ కలిపి తెచ్చాను. పంచదార ఎక్కువైందని ఇద్దరూ అన్నారు.

తిరిగొచ్చేసరికి నా కుర్చీలో సరోజిని కూర్చుని ఉంది. ఇక మిగిలింది గోడ పక్కన చెక్క బల్ల. పొద్దున్నే వచ్చినవాళ్లంతా కూర్చునేది దాని మీదే. నేను దాని మీద ఎన్నడూ కూర్చోలేదు. టీచరు గారి పక్కన కూర్చోగానే బల్ల ఒక పక్కకి ఒరిగింది. కప్పులో కాఫీ తొణికి పంచె మీద పడింది. లేచి చూస్తే బల్లకి ఒక కాలు పొట్టిగా ఉంది.

"ఇదేంటండి, ఇలా ఊగుతోంది?" అన్నాను.

"ఎప్పుడూ అంతేనండి" అన్నారు కరుణమ్మ గారు, తన పక్కన చెయ్యి పెట్టి చూపిస్తూ. "కొంచెం ఇటు జరిగి కూర్చోండి. ఇక్కడైతే ఊగదు."